గోమార్ల పీడ వదలాలంటే: కుక్క కన్నా ముందు ఇల్లు, వాకిలి, కొట్టం

వానలు మొదలై రెండు మూడు వారాలు గడిచాయంటే పాలమూరు, నల్లగొండ వైపు కుక్కలున్న ఇళ్లన్నింటిలో ఒకటే గోల. చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద గోమార్లు (పిడుదులన్నా ఇవే). సాయంత్రం పూట గోడల మీద కూడా పాకుతూ కనిపిస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లోనైతే మంచం దిగి కాలు కింద పెట్టగానే మిన్నల్లులు ఎగిరి కుడతాయి. వెంటనే షాపుకు పోయి షాంపూ తెస్తాం, కుక్కకు స్నానం చేయిస్తాం. రెండు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ మామూలే. షాంపూ కంపెనీని తిట్టుకుంటాం గానీ తప్పు షాంపూది కాదు. కుక్క ఒంటి మీద మనకు కనిపించేవి కొన్నే. అసలు మంద బండల సందుల్లో, గోనెసంచి కింద, మెట్ల చాటున మట్టిలో కాచుకుని ఉంటుంది. మిన్నల్లుల విషయంలోనైతే జీవం మీద తిరిగే పెద్దవి మొత్తంలో నూటికి అయిదు మాత్రమే అని లెక్క. మిగతావన్నీ గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే ఉంటాయి.

అందుకే ఇక్కడ చెప్పే వరుస కొంచెం తిరగేసినట్టు అనిపించవచ్చు. ముందు చోటు, తర్వాత జీవం, ఆ తర్వాతే వేపా కషాయాలూ. పెద్దగా డబ్బు ఖర్చయ్యే పనులేమీ లేవు, ఓపిక మాత్రం కావాలి. ఒక్కసారి కొడితే పోవాలి అనుకునేవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు.

ముందు అదేంటో తేల్చుకోండి

గోమారు ఎగరదు, మెల్లగా పాకుతుంది. చర్మానికి కరుచుకుని రోజుల తరబడి కదలకుండా రక్తం తాగుతుంది. పుట్టినప్పుడు ఆరు కాళ్లు, తర్వాత ఎనిమిది. పెద్ద మిన్నల్లికి ఆరే. సన్నగా, రెండు పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది, వేలు పెట్టబోయే లోపే ఎగిరిపోతుంది. అది చేతికి చిక్కకపోయినా దాని రెట్ట చిక్కుతుంది. తెల్ల కాగితమో పాత తెల్ల బట్టో పరిచి, కుక్కనో పిల్లినో దాని మీద నిలబెట్టి, నడుము మీద, తోక మొదట్లో సన్న పళ్ల దువ్వెనతో దువ్వండి. నల్లటి నలుసులు రాలితే వాటి మీద నీటి చుక్క వేయండి. ఎర్రగా కరిగితే మిన్నల్లి రెట్టే, అది ఎండిన రక్తం. కరగకపోతే మామూలు మట్టి.

ఇంటి కుక్కకు పట్టే గోధుమ రంగు గోమారు, ఆవుకూ బర్రెకూ పట్టే గోమారు ఒకటి కావు. ఈ తేడా తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది. కుక్క గోమారు పిల్లగా ఒకసారి ఎక్కి రక్తం తాగి దిగిపోతుంది. ఏ సందులోనో దూరి కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతుంది. ఇలా మూడు విడతలు. చివరికి ఉబ్బిన ఆడది దిగి, గోడ పగుల్లోనో గడప సందులోనో వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. అంటే దాని బతుకులో ఎక్కువ కాలం మీ ఇంట్లోనే గడుస్తుంది. తిండి దొరక్కపోయినా నెలల తరబడి ఓపికగా ఉండగలదు. పశువులకు ఎక్కువగా పట్టే రకం అలా కాదు. పిల్లగా ఎక్కిందంటే దాదాపు మూడు వారాలు ఆ పశువు మీదే పెరిగి, గుడ్లు పెట్టడానికి మాత్రమే కింద రాలుతుంది. పుట్టిన పిల్లలు గడ్డిపోచల కొసలకెక్కి, పశువు రాసుకుంటూ పోతే అంటుకుంటాయి. కాబట్టి కుక్క గోమారుకు ఇల్లు శుభ్రం చేయడం ముఖ్యం, పశువు గోమారుకు పశువు ఒళ్లు చూడటం, మేత చోటు మార్చడం ముఖ్యం. కొట్టం గోడల్లో దాగే ఇంకో రకం కూడా మన దగ్గర ఉంది, దాని కాళ్ల మీద పసుపు తెలుపు పట్టీలుంటాయి. అది కనిపిస్తే రెండు పనులూ తప్పవు.

మిన్నల్లి కథ వేరు. గుడ్లు నున్నగా ఉండి, జీవం పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటిలోంచి వచ్చే పురుగులకు వెలుతురు పడదు, చీకటి మూలకు పోయి పెద్ద మిన్నల్లుల రెట్ట తిని బతుకుతాయి. తర్వాత జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ గూటిలోకి మందు దూరదు. కాలి అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలేదాకా లోపలే ఉంటాయి. పెళ్లికి పోయి ఇల్లు పది పదిహేను రోజులు తాళం వేసి వచ్చినవాళ్లకు తలుపు తీయగానే కాళ్ల నిండా మిన్నల్లులు ఎక్కేది ఇందుకే.

మొదటి పని: చోట్లు గుర్తుపెట్టుకోండి

ఒక రోజు పొద్దంతా మీ కుక్క ఎక్కడెక్కడ పడుకుంటుందో చూడండి. పొద్దున ఎండకు వాకిట్లో, పదకొండింటికి నీళ్ల ట్యాంకు నీడలో, మధ్యాహ్నం అరుగు కింద, రాత్రి మెట్ల కింద. ఎండ పడే చోట్లతో మనకు పని లేదు. మన వానలు లేని నెలల ఎండ, అందులోనూ నలభై దాటిన వేడి, మిన్నల్లి గుడ్లను, పురుగులను అదే మాడ్చేస్తుంది. వాటికి తేమ కావాలి. నీడ, తేమ, జీవం ఈ మూడూ కలిసే చోటే మీ యుద్ధభూమి. మెట్ల కింద, మోటారు పెట్టె వెనక, స్నానాల గది వెనక గోడ, కూలర్ కింద, వేపచెట్టు మొదట్లో రాలిన ఆకు.

ఇంటి లోపల ఒక చోటు ప్రత్యేకంగా చెప్పాలి. మన పాత ఇళ్లలో పరిచిన షాబాద్ బండల సందులు. సిమెంటు రాలిపోయి దుమ్ముతో నిండిన ఆ గీతలు మిన్నల్లి పురుగులకూ గోమారు పిల్లలకూ ఎంత అనువో చెప్పలేం. పైన ఎంత తుడిచినా అక్కడికి గుడ్డ దిగదు. రాతి గోడలు, మట్టి గోడలు, కిటికీ చట్రం, గోడకు వేలాడే ఫోటోల వెనక భాగం కూడా చూడండి. రక్తం తాగిన గోమారు పైకి పాకుతుంది కాబట్టి నేల మీద మాత్రమే వెతికితే చాలదు.

రెండో పని: ఊడవడం, ఎండబెట్టడం, ఉడకబెట్టడం

వినడానికి ఇదేం మందు అనిపిస్తుంది గానీ, నన్నడిగితే వేపనూనె సీసాల కన్నా ఇది బలమైనది. కుక్క పడుకునే బొంత, గోనెసంచి, పిల్లి పరుపు వారానికోసారి మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి, మండే ఎండలో రెండు పక్కలా తిప్పి ఆరేయండి. ఉతకడానికి వీలుకాని గోనెసంచులను కాల్చేయండి, కొత్తది వేయండి. పాత సంచిని వాకిట్లోకి విసిరితే గుడ్లను విత్తినట్టే.

నేల రోజు విడిచి రోజు ఊడవాలి. బండల సందులను పాత టూత్‌బ్రష్‌తోనో పుల్లతోనో గీకి దుమ్ము పైకి తీయాలి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దానికి మించింది లేదు. అది దుమ్మునే కాదు, తన అదురుతో గూళ్లలో ఉన్న మిన్నల్లులను కూడా బయటికి రప్పిస్తుంది. ఊడ్చిన చెత్తను పెంటకుప్ప మీద వేయొద్దు. కవర్లో కట్టి కాల్చండి, లేదా సబ్బు నీళ్ల బకెట్‌లో పోయండి. వాక్యూమ్ సంచిని కూడా అప్పుడే ఖాళీ చేయాలి.

మిన్నల్లులు తగ్గాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. రాత్రి పూట వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు కలిపి, దాని పైన చిన్న బల్బు వెలిగించండి. మిగతా దీపాలు ఆర్పేయండి. వెలుతురుకూ వేడికీ వచ్చి ఎగిరినవి నీళ్లలో పడతాయి, సబ్బు వల్ల తేలలేక మునుగుతాయి. దీనితో పీడ పోదు. పడినవి రోజురోజుకూ తగ్గుతున్నాయా అని లెక్క చూసుకోవడానికి మాత్రం బాగుంటుంది. వైరు నీళ్లకు దూరంగా పెట్టండి, పిల్లలు తిరిగే గదిలో వద్దు.

మూడో పని: పగుళ్లు పూడ్చడం

దీనికి సరైన కాలం రోహిణి కార్తె. మిరుగం పడితే ఇక తేమ మొదలవుతుంది, గోమార్లకు పండగ. కాబట్టి మే నెలాఖరులోపు ఈ పని అవగొట్టండి. బండల సందులను గీకి, కడిగి, బాగా ఎండనిచ్చి పల్చటి సిమెంటు పాలు పోసి పూడ్చండి. గోడల పగుళ్లకు సిమెంటు, మట్టి గోడలకైతే మట్టీ పేడా కలిపి మెత్తిన అలుకు. కొట్టం గోడలకు లోపలా బయటా సున్నం వేయండి. సున్నం పురుగులను చంపుతుందనే కన్నా పగుళ్లను మూసి, దాగే చోటు లేకుండా చేస్తుందనడం సరి. సున్నం పూర్తిగా ఆరేదాకా జీవాలను లోపలికి తోలొద్దు, తడి సున్నం కాళ్లనూ పొదుగునూ కాలుస్తుంది.

పూర్తిగా రాయీ సిమెంటుతో కట్టిన కొట్టమైతే, పగుళ్ల వెంట గ్యాస్ బర్నర్ మంట మెల్లగా తిప్పేవాళ్లూ ఉన్నారు. బాగా పని చేస్తుంది. కానీ పైన తాటాకో రెల్లో ఉన్నా, పక్కన వరిగడ్డి వామి ఉన్నా ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

వాకిలి, పెరడు

ఇక్కడ సూత్రం ఒక్కటే. ఎండను లోపలికి రానివ్వాలి. గడ్డిని మడమ ఎత్తుకు మించి పెరగనివ్వద్దు. ప్రహరీ వెంట వయ్యారిభామ, సర్కారు తుమ్మ మొక్కలు మొలుస్తాయి, వాటిని పూత రాకముందే పీకేయండి. వయ్యారిభామ పీకేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి, ఒళ్లు దురద పెడుతుంది. ఇంటి గోడకు ఆనించి పెట్టిన పత్తి కట్టె మోపులు, ఇటుకల కుప్ప, పాత కూలర్ జాలీ, ఇవన్నీ ఎలుకలకు ఇళ్లు. ఎలుకల మీద మిన్నల్లులుంటాయి, వాటి వెంట పిల్లి, పిల్లి వెంట మీ మంచం. మోపులను గోడకు దూరంగా, రాళ్ల మీద ఎత్తుగా పేర్చండి. గోడ చుట్టూ గజం వెడల్పున ఏమీ లేకుండా ఉత్త నేల వదలండి. చెట్టు కింద ఆకు ఊడ్చి ఎరువు గుంతలో వేయండి, చెట్టు మొదట్లోనే కప్పుగా ఉంచాలనుకుంటే అక్కడ కుక్కను పడుకోనివ్వకండి.

నాలుగు నాటుకోళ్లుంటే మంచిదే. పశువు కాళ్ల దగ్గర రాలిన గోమార్లను ఏరుకు తింటాయి. సీమకోళ్లు ఇంకా చురుకు, అరుపు మాత్రం వీధంతా వినిపిస్తుంది. బర్రె వీపు మీద వాలే గోరింకలను, తెల్ల కొంగలను అదిలించొద్దు. అయితే కోళ్లు మిన్నల్లుల లెక్క మార్చలేవు, కోళ్లకు పట్టే పేలు వేరే ఉంటాయి, కోళ్లగూడును కుక్క పడకకు దూరంగా పెట్టండి.

మన దగ్గర ఇంకొక సమస్య మందలు. గొర్రెల సంఖ్యలో 2019 పశుగణన ప్రకారం దేశంలో తెలంగాణదే మొదటి స్థానం, అందులో పాలమూరు, నల్లగొండల వాటా తక్కువేం కాదు. మంద మీ ఇంటి ముందు నుంచి పోయినా, మీ చెలకలో పడుకున్నా దానితో కొన్ని గోమార్లు దిగుతాయి. ఎరువు కోసం మందను పడుకోబెట్టించుకోవడం మంచి పద్ధతే, మానమని చెప్పను. ఆ మడిలోకి కొన్నాళ్లు మీ కుక్కను, పాలావును పోనివ్వకండి, అంతే. అమ్రాబాద్ వైపు అడవి అంచు ఊళ్లవాళ్లు కుక్క అడవిలోకి పోయి వచ్చిన రోజు సాయంత్రమే ఒళ్లంతా తడిమి చూడాలి.

ఇక జీవం ఒళ్లు

రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు చాలు. చెవి లోపల, చెవి మడతల్లో, కళ్ల చుట్టూ, మెడపట్టీ కింద, చంకల్లో, తొడల మధ్య, వేళ్ల సందుల్లో, తోక కింద. వేళ్లతో తడుముతూ పోతే చిన్న బొబ్బలాగా తగులుతుంది.

దొరికిందాన్ని తీయడానికి ట్వీజర్ వాడండి. లేకపోతే చేతికి ప్లాస్టిక్ కవరు. పొట్ట దగ్గర కాదు, చర్మానికి ఆనుకుని మూతి దగ్గర పట్టుకోండి. తిప్పకుండా, గుంజకుండా, నిదానంగా నిటారుగా పైకి లాగండి. మూతి ముక్క లోపల మిగిలితే గెలక్కండి, చర్మమే నెట్టేస్తుంది. తీసినచోట బెటాడిన్ రాయండి. పిల్లికి డెట్టాల్ వద్దు, అది పిల్లి ఒంటికి విషం. నేల తుడిచే ఫినాయిల్ కూడా అంతే, పాదాలు నాక్కుంటే లోపలికి పోతుంది.

తీసిన గోమారును గోళ్ల మధ్య చిట్లించే అలవాటు మన అందరికీ ఉంది. ఆ అలవాటు మానాలి. దాని రక్తంలో ఉన్నది మీ గోటి కింద గీతలోంచి లోపలికి పోవచ్చు. క్రిమియన్ కాంగో జ్వరం అనే ప్రాణాంతక వ్యాధి 2011లో గుజరాత్‌లో మన దేశంలో మొదటిసారి బయటపడింది, అది పశువుల గోమార్ల ద్వారా, వాటిని నలిపినప్పుడు వచ్చే రక్తం ద్వారా మనిషికి సోకుతుంది. మూత ఉన్న సీసాలో స్పిరిటో సబ్బు నీళ్లో పోసి అందులో వేసేయండి. ఆముదం పూస్తే ఊపిరాడక ఊడి వస్తుందని మనవైపు పెద్దవాళ్లు చెబుతారు. ఇంట్లో ఆముదం ఎప్పుడూ ఉండే ప్రాంతం కదా. పూస్తే అది వెంటనే ఊడదు. ఉక్కిరిబిక్కిరై కడుపులోది పుండులోకి కక్కవచ్చు, రోగం అంటేది అలాగే. కిరోసిన్, అగ్గిపుల్ల, చుట్ట నిప్పు కూడా ఈ కోవలోవే.

మిన్నల్లులకు స్నానం పని చేస్తుంది, కానీ ఒక వరుసలో. ముందు మెడ చుట్టూ సబ్బు నురగతో కట్ట కట్టండి. ఒంటి మీద నీళ్లు పడగానే అవన్నీ తలకు, చెవులకు పరుగెడతాయి, నురగ దగ్గర ఆగిపోతాయి. తర్వాత ఒళ్లంతా రుద్ది, అయిదు పది నిమిషాలు నురగతోనే ఉంచి, తడిగా ఉన్నప్పుడే సన్న దువ్వెనతో దువ్వండి. దువ్వెనను మాటిమాటికీ సబ్బు నీళ్లలో ముంచాలి. కళ్లు తెరవని కూనలకు కూడా ఈ దువ్వెన పద్ధతే. వాటి మీద ఏ నూనే, ఏ కషాయమూ వేయొద్దు. ఎక్కువ మిన్నల్లులు పడితే చిన్న కూనలు రక్తం తగ్గే చచ్చిపోతాయి, చిగుళ్లు తెల్లబడితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

పెద్ద కుక్క తోక కింద, పడుకున్న బట్ట మీద తెల్లటి బియ్యపు నూక లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ మిన్నల్లిని మింగితే కడుపులో పెరిగేది అది. మిన్నల్లులను తగ్గించకుండా పురుగుల మాత్ర ఒక్కటే వేస్తే మళ్లీ వస్తుంది.

వేప కషాయం: ఎంత, ఎప్పుడు, ఎక్కడ

పత్తి రైతులకు ఇది కొత్త కాదు. వేప గింజల కషాయం అయిదు శాతం, అంటే పది లీటర్ల నీళ్లకు అర కిలో గింజల పప్పు పొడి. జూన్, జూలైలో రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి. పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, కొంచెం నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పిండుతూ నీళ్లు తెల్లబడేదాకా తీసి, మొత్తం పది లీటర్లు చేసి వడగట్టి, పంపుకు అంటుకోకుండా మళ్లీ ఒకసారి పల్చటి గుడ్డలో వడగట్టండి. కొంచెం సబ్బు నీళ్లు కలపండి. ఆ రోజే వాడేయాలి, నిలవ ఉంచితే పసరు చచ్చిపోతుంది. ఎండకు కూడా నిలవదు కాబట్టి సాయంత్రం కొట్టండి.

కొట్టేది కొట్టం గోడలకు, మెట్ల కిందికి, చెట్ల మొదళ్లకు, ప్రహరీ వెంట. ఇది తగలగానే గోమారు గిలగిలా కొట్టుకుని చావదు. వేప పిల్లల కుబుసం విడవడాన్ని, గుడ్లు పొదగడాన్ని చెడగొడుతుంది. అందుకే వారం పది రోజులకోసారి, కనీసం రెండు నెలలు కొట్టాలి. మూడు రోజులకే వదిలేసి వేప పని చేయలేదంటే అది వేప తప్పు కాదు. పురుగుమందుల షాపులో దొరికే పీపీఎం (మందు గాఢతను చెప్పే కొలత) లెక్కల వేపనూనె సీసాలు పంటల కోసం చేసినవి, వాటిలో ఇంకా ఏవేవో ద్రావకాలు కలుస్తాయి. కుక్క ఒంటికి రుద్దొద్దు. ఒంటికే వాడాలనుకుంటే గానుగలో తీసిన వేపనూనె ఒక వంతు, కొబ్బరినూనె పది వంతులు కలిపి, ముందు చిన్న చోట రాసి ఒక రోజు చూసి, దద్దు రాకపోతే మెడ వెనక, కుక్క నాకలేని చోట పల్చగా రాయండి. పిల్లికి మాత్రం వద్దు.

ఆవులకు, బర్రెలకు జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేసిన ఒక కషాయం ఉంది, అది బాగా నమ్మదగినది. వెల్లుల్లి పది రెబ్బలు, వేపాకు గుప్పెడు, వేపపండ్లు గుప్పెడు, వస కొమ్ము పది గ్రాములు, పసుపు ఇరవై గ్రాములు, లంటానా ఆకు గుప్పెడు, తులసి గుప్పెడు. అన్నీ మెత్తగా నూరి లీటరు నీళ్లలో కలిపి వడగట్టి స్ప్రే సీసాలో పోయాలి. ఎండగా ఉన్నప్పుడు పశువు ఒళ్లంతా కొట్టాలి, కొట్టం పగుళ్లలోనూ కొట్టాలి, తగ్గేదాకా వారానికోసారి. స్ప్రే లేకపోతే గుడ్డ ముంచి తుడవచ్చు. నోటికి తగలకుండా చూడండి, లంటానా తింటే పశువుకు కాలేయం చెడుతుంది. ఈ కషాయం కుక్కకూ పిల్లికీ వాడొద్దు. అవి ఒళ్లు నాక్కుంటాయి, వెల్లుల్లి వాటి రక్తాన్ని విరిచేస్తుంది. అన్నంలో వెల్లుల్లి కలిపి పెడితే గోమార్లు రావని ఎవరైనా చెబితే వినకండి.

సహజమే అయినా వాడకూడనివి

మన బాలానగర్ సీతాఫలాల కాలంలో ఇంటింటా గింజలు పోగవుతాయి. ఆ గింజల పొడి పేలను చంపుతుంది, నిజమే. అది కంట్లో పడితే నల్లగుడ్డు పొర కాలినట్టు అవుతుంది, చూపు దెబ్బతిన్నవాళ్లున్నారు. కుక్క తల విదిల్చితే చాలు, దాని కళ్లలోకీ మీ కళ్లలోకీ పోతుంది. నల్లగొండ బత్తాయి తొక్కలు ఉడికించిన నీళ్లు గడపల మీద, బండల మీద చల్లితే మిన్నల్లులు కొంత దూరంగా పోతాయి, ఆ వాసన ఆరేదాకే. పిల్లి ఉన్న ఇంట్లో అది కూడా వద్దు, తొక్కలోని నూనె పిల్లికి పడదు. కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు, నీలగిరి నూనె, టీ ట్రీ నూనె, పొగాకు నీళ్లు ఇవన్నీ జీవాలకు విషాలే.

అన్నిటికన్నా ప్రమాదం సహజం కానిదే. పత్తికి కొట్టగా మిగిలిన మోనోక్రోటోఫాస్‌ను బకెట్‌లో కలిపి కుక్కకూ బర్రెకూ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. గంటల్లో నురగలు కక్కి చస్తాయి, పూసిన మనిషి ఆసుపత్రి పాలవుతాడు. గమాక్సిన్ పేరుతో ఒకప్పుడు అమ్మిన బీహెచ్‌సీ పొడిని 1997లోనే నిషేధించారు, అటకమీద పాత డబ్బా ఉంటే తెరవకండి. పశువులకు వాడే డెల్టామెత్రిన్ లాంటి ద్రావణం పిల్లిని చంపుతుంది. బర్రెకు కొట్టిన రోజు పిల్లిని కొట్టంలోకి రానివ్వొద్దు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలి

కుక్క తిండి మానేసి, జ్వరంతో మూల పడుకుని, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వచ్చినా, మూత్రం టీ రంగులో పోసినా అది గోమారు జ్వరం కావచ్చు. కషాయాలన్నీ పక్కన పెట్టి అదే రోజు తీసుకుపోండి. రక్తపరీక్షలో తేలుతుంది, వేళకు పడితే మాత్రలతో నయమయ్యేదే. సంకర జాతి ఆవుకు విడవని జ్వరం, భుజం ముందు గడ్డలు వాపు, లేదా కాఫీ రంగు మూత్రం ఉంటే పశువైద్యశాలకు చెప్పండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇల్లంతా గోమార్లు పాకే స్థితి ఉంటే సహజ పద్ధతి ఒక్కదానితో లాగడం కుక్కను హింసించడమే. డాక్టర్ బరువు చూసి ఇచ్చే మాత్ర నెల నుంచి మూడు నెలల దాకా పని చేస్తుంది. అది వేయించి, ఆ వెసులుబాటులో చోటు శుభ్రం చేసుకోండి. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా కుక్కకు పొడిచేస్తామనేవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వద్దు. మోతాదు కొంచెం ఎక్కువైనా, కొన్ని జాతులకు మామూలు మోతాదైనా ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో మనిషికి గోమారు కుట్టిన తర్వాతో, పొదల్లో తిరిగి వచ్చాకో జ్వరం వస్తే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉంటే అది కూడా చూపించండి. స్క్రబ్ టైఫస్ గోమారు వల్ల కాదు, పొదల్లో ఉండే నల్లిజాతి పిల్లల వల్ల వస్తుంది, కానీ దొరికే చోటు అదే.

చివరిగా కొత్త జీవాల సంగతి. పెబ్బేరు సంత నుంచి మేకపిల్లను తెచ్చినా, చుట్టాలింటి నుంచి కుక్కపిల్లను తెచ్చినా నేరుగా కొట్టంలో కట్టేయకండి. వారం పది రోజులు వేరుగా, ఎండ తగిలే చోట కట్టి, రోజూ ఒళ్లు చూసి, దొరికినవి సీసాలో వేయండి. తెచ్చిన తాడును, దానితో వచ్చిన సంచిని ఇంట్లోకి తేకుండా కాల్చేయండి. వేరుగా కట్టిన చోటును ఆ తర్వాత ఊడ్చి, వేప కషాయం కొట్టి, రెండు నెలల పాటు వారానికోసారి వంగి చూడండి. అక్కడ రాలినవి గుడ్లు పెట్టి ఉంటే పిల్లలు కనిపించేది ఆ రోజుల్లోనే.